సబ్సిడీ ఎవరికి అందుతోంది? ఎరువుల కొట్టు నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

కృష్ణా డెల్టాలో పద్దెనిమిదేళ్లుగా ఎరువుల కొట్టు నడుపుతున్నాను. "మా పన్నులతో రైతుల్ని పోషిస్తున్నారు" అనే మాట పెళ్లిళ్లలో, బస్సుల్లో వింటూనే ఉన్నాను. వ్యవసాయానికి ప్రభుత్వ సొమ్ము ఇవ్వాల్సిందేనని నా నమ్మకం. ఇస్తున్న తీరుతోనే నాకు పేచీ.

అపోహ: ఎరువుల సబ్సిడీ రైతు ఖాతాలో పడుతుంది.

పడదు. రైతు మా ఈ-పాస్ మిషన్ మీద వేలిముద్ర వేసి కట్ట కొన్నాక, ఆ లెక్క చూసి కేంద్రం కంపెనీకి చెల్లిస్తుంది. 2018 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. పనులు చేసీ చేసీ గీతలు అరిగిపోయిన వేలిని ఒక పెద్దాయన పంచెకు తుడిచి పెడతాడు. మిషన్ తీసుకోదు. తడిచేసి మళ్లీ పెడతాడు. చివరికి కొడుక్కి ఫోన్ చేయాల్సిందే. రైతుకు దక్కేది తక్కువ ధర మాత్రమే.

అపోహ: సబ్సిడీ ఎంత ఎక్కువైతే రైతుకు అంత మేలు.

45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే ఎరువు) కట్ట 1,350. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను అందులో కలపలేదు, దాని ధర చవకగానే ఉండిపోయింది. చవకగా దొరికేదే చేలో ఎక్కువ పడుతోంది. "ఇంకో కట్ట ఇవ్వు బాబాయ్, పక్క చేను నల్లగా ఉంది" అంటారు, ముదురు పచ్చగా ఉందని. యూరియాలోని నత్రజని ఎక్కువైతే వరి ఏపుగా పెరిగి మెత్తబడుతుంది, రసం పీల్చే దోమ (పైరు పురుగు) పట్టుకుంటుంది. కొన్నాళ్లకు అదే మనిషి దోమమందు కోసం వస్తాడు. రెండూ అమ్మితే నాకు లాభమే. అయినా రెండో కట్ట వద్దనే చెబుతాను, వినేవాళ్లు తక్కువ.

అపోహ: రైతు పన్నే కట్టడు.

ఆదాయపు పన్ను లేదు, నిజమే. పురుగుమందుపై 18 శాతం జీఎస్టీ, డీజిల్‌పై పన్ను కడుతున్నాడు. కనబడని భారం ఇంకోటి ఉంది. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు, 2024 సెప్టెంబరులో గానీ తెరవలేదు. పట్నంలో ధర పెరగకూడదని పెట్టిన ఆంక్ష అది, దాంతో రైతుకూ ధర పెరగదు. సబ్సిడీలన్నీ కలుపుకున్నా ఇలాంటి ఆంక్షలవల్ల భారత రైతు మొత్తంమీద నష్టపోయాడని ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సంస్థ) 2018లో తేల్చింది.

అపోహ: సాగుచేసేవాడికే సాయం అందుతోంది.

పీఎం కిసాన్ ఏడాదికి 6,000 భూమి పేరున ఉన్నవాళ్లకే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే ఇచ్చేవారు. నా అరువు పుస్తకంలో మాత్రం ఎక్కువ పేర్లు కౌలుదార్లవే. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇస్తారు, కానీ దానికి యజమాని సంతకం కావాలి. భూమి చేజారుతుందేమోనని చాలామంది పెట్టరు. మొన్న ఒకాయన ఆ కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. సర్వే నంబరు, విస్తీర్ణం అన్నీ రాసి ఉన్నాయి. సంతకం చోటు ఖాళీ. "ఊళ్లో నీ మాట చెల్లుతుంది బాబాయ్, ఓసారి అడిగి చూడు" అన్నాడు. ఆదివారం ఆ యజమాని ఇంటికి వెళ్తున్నాను.