విప్పడమే కదా అనుకోకండి: పాత ఎంజీబీ కారు ఊడదీయడంపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీల మీద పని నేర్చుకున్నాను. పన్నెండేళ్లుగా ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, పాత స్పోర్ట్స్ కార్లను పూర్తిగా విప్పి, రేకు పని చేసి, మళ్లీ రోడ్డెక్కించే షెడ్డులో ఉన్నాను. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఎంజీబీ, అంటే బ్రిటన్‌కు చెందిన ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు. 1962 నుంచి 1980 దాకా ఇక్కడికి దగ్గర్లోని అబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. మన పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజనూ దీని ఇంజనూ ఒకే కుటుంబం, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ-సిరీస్. అందులో 1489 సీసీ, ఇందులో 1798 సీసీ. మొదటిసారి బానెట్ ఎత్తి చూసినప్పుడు నాకు చుట్టాలింటికి వచ్చినట్టే అనిపించింది.

ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లు కొందరు ఈ మధ్య పాత కార్లు కొంటున్నారు. గ్యారేజీలో పెట్టుకుని సొంతంగా విప్పుదామని నన్ను సలహా అడుగుతుంటారు. వాళ్ల నోట మళ్లీ మళ్లీ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: విప్పడం ఎవరైనా చేస్తారు. పనితనమంతా బిగించడంలోనే ఉంది.

వాస్తవం: ఇద్దరు మనుషులు కూర్చుంటే రెండు మూడు వారాంతాల్లో ఎంజీబీని ఒట్టి డొల్ల చేసేయొచ్చు. అది నిజమే. కానీ తిరిగి బిగించేది ఎప్పుడు? రేకు పని, పెయింట్, ఇంజన్ పని అయ్యేసరికి ఏడాది దాటుతుంది, ఒక్కోసారి రెండేళ్లు. ఆ బ్రాకెట్ ఏ వైపుది, ఆ పొడుగు బోల్టు ఎక్కడిది అని అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? సగంలో ఆగిపోయి, డబ్బాల్లో సర్దుకుని మా షెడ్డుకు వచ్చిన కార్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. వాటిలో చాలావాటికి సామాను పోలేదు. ఏది ఎక్కడిదో చెప్పే సమాచారం పోయింది.

నేను పానా పట్టే ముందు ఫోన్ పడతాను. దూరం నుంచి ఒక ఫోటో, దగ్గర నుంచి ఒకటి, విప్పాక ఆ చోటుది ఒకటి. విప్పిన బోల్టును వీలైతే అదే రంధ్రంలో రెండు చుట్లు తిప్పి వదిలేస్తాను. వీలుకాకపోతే జిప్ కవర్లో వేసి, లోపల అట్టముక్క మీద పెన్సిల్‌తో రాస్తాను. పెన్నుతో రాస్తే ఆయిల్ తగిలి చెదిరిపోతుంది.

టాప్ లేని మోడల్, అంటే రోడ్‌స్టర్, ముందు అద్దాన్నే తీసుకోండి. దాని ఫ్రేమ్ కాళ్లు రెండూ డాష్‌బోర్డు వెనక బాడీలోకి దిగి ఉంటాయి. ఒక్కో కాలికి రెండు బోల్టులు. చెయ్యి దూరడమే కష్టం. వాటి దగ్గర సందు నింపే సన్నటి రేకు బిళ్లలు, అంటే షిమ్ముల్లాంటివి ఉంటే ఏ వైపు ఎన్ని ఉన్నాయో, ఎంత మందమో అప్పటికప్పుడు రాసుకోవాలి. ఆ లెక్క పోతే అద్దం వంకరగా కూర్చుంటుంది, డోరు అద్దం రబ్బరుకు ఆనదు, వాన నీళ్లు ఒళ్లో పడతాయి.

అపోహ: తుప్పు పట్టిన రేకులన్నీ ముందు కోసేసి, తర్వాత కొత్తవి అతికిస్తే సరి.

వాస్తవం: కార్లు పాడవడానికి నేను చూసినంతలో ఇదే పెద్ద కారణం.

మన లారీకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీ మొత్తం పీకేసినా ఛాసిస్ నిటారుగా నిలబడుతుంది. దీనికి ముందు వచ్చిన ఎంజీఏకి కూడా విడి ఛాసిస్ ఉంది. ఎంజీబీకి లేదు. రేకులన్నీ కలిసి అతుక్కుని ఆ బాడీయే ఛాసిస్ అవుతుంది. డోరు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా ఉండే భాగాన్ని సిల్ అంటారు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, రెంటి మధ్య నిలువుగా ఇంకొకటి, అడుగున గట్టి పట్టీ. రోడ్‌స్టర్‌కు పైకప్పు లేదు కాబట్టి ముందు సగాన్నీ వెనక సగాన్నీ పట్టి ఉంచే బరువంతా ఈ సిల్స్ మీదే పడుతుంది.

వచ్చిన కొత్తలో నాకిది తెలియదు. లారీ లెక్కలోనే ఆలోచించాను. ఒక రోడ్‌స్టర్‌కు డోర్లు తీసేసి, ఎడమవైపు సిల్ మొత్తం ఒకేసారి కోసేశాను. కొత్తది వెల్డింగ్ చేసి డోరు పెడితే తాళం కొక్కెం దగ్గర పైన రేకుకు రేకు రాసుకుంటోంది, కింద వేలు దూరేంత సందు ఉంది. బాడీ మధ్యలో కుంగిపోయింది. చేసిన వెల్డింగ్ మొత్తం మళ్లీ కోసి, జాకీలతో లేపి, మూడు వారాలు పట్టింది సరిచేయడానికి. యజమాని తండ్రి కొన్న కారు అది. ఆ యజమాని ముఖం చూసి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి నా వరస మారలేదు. ముందు ఇంజన్, సీట్లు, బరువులన్నీ దించుతాను. డొల్లను ముందు, వెనక సస్పెన్షన్ బరువు పడే చోట్లలోనే స్టాండ్ల మీద లెవెల్‌గా పెడతాను. డోర్లు మాత్రం తీయను. డోరు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో కొలిచి, డోర్‌ఫ్రేమ్ మూల నుంచి మూలకు కూడా కొలిచి పుస్తకంలో రాస్తాను. తర్వాత డోరు కీళ్ల స్తంభానికీ తాళం స్తంభానికీ మధ్య ఇనుప గొట్టంతో దన్ను పెడతాను. అప్పుడే కోత, అది కూడా ఒకసారికి ఒక్కవైపే. ఆ వైపు పూర్తయ్యాక డోరు మూసి చూశాకే రెండో వైపు. మూసిన కప్పున్న జీటీ మోడల్ ఇంత తేలిగ్గా వంగదు కానీ దానికీ ఇదే పద్ధతి పాటిస్తాను.

కొనేటప్పుడే ఒకటి చూడండి. కుళ్లిన సిల్ మీదే ఇంకో రేకు తొడిగి, పెయింట్ వేసి అమ్మేసిన కార్లు చాలా ఉన్నాయి. ముందు మడ్‌గార్డు బోల్టులతోనే ఉంటుంది కాబట్టి ఊడదీయొచ్చు. దాని వెనక దాగిన సిల్ చివర చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. అక్కడ ఏళ్ల తరబడి పేరుకున్న బురద ఉంటుంది. పైనుంచి రేకు ఎంత మెరుస్తున్నా, కుళ్లు మొదలయ్యేది ఆ బురద వెనకే. ఆ మడ్‌గార్డు బోల్టుల్లో అద్దం కాలి పక్కన ఉండేవాటికి డాష్‌బోర్డు లోపలి నుంచి చెయ్యి పెట్టాలి. తెలియక పైనుంచి లాగి రేకు చింపినవాళ్లున్నారు.

అపోహ: మిల్లీమీటర్ పానాల సెట్ ఉంటే చాలు.

వాస్తవం: ఎంజీబీలో దాదాపు అన్నీ యూఎన్‌ఎఫ్ మరలే, అంటే అంగుళాల లెక్కలో కోసిన సన్న మరలు. వాటికి అంగుళాల పానాలు, అంటే ఏఎఫ్ సైజులు కావాలి. 1/2 అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పడుతుంది, తిరుగుతుంది కూడా. తుప్పుతో బిగుసుకున్న నట్టు మీద ఆ 0.3 మిల్లీమీటర్ల తేడాయే మూలలు అరగదీసి గుండ్రం చేసేస్తుంది. 19 మిల్లీమీటర్ల పానా మాత్రం 3/4 అంగుళానికి దాదాపు సరిగ్గా సరిపోతుంది. అంబాసిడర్ల మీద పెరిగిన మన పాత మేస్త్రుల దగ్గర ఈ అంగుళాల పానాలు ఇప్పటికీ ఉంటాయి.

ఇంకా పాతవైన ఎంజీ టీసీ, టీడీ లాంటివి విప్పేవాళ్లకు ఇంకో చిక్కు. వాటి ఇంజన్ బోల్టులకు మరలు మెట్రిక్, తలలు మాత్రం విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత సైజు. ఈ ఇంజన్లు తయారుచేసిన మోరిస్ సంస్థ 1923లో కొన్న హాచ్‌కిస్ ఫ్యాక్టరీ ఫ్రెంచి వాళ్లది, యంత్రాలు మెట్రిక్ మరలవి. ఆ అలవాటు ఇంజన్లలో దశాబ్దాలు కొనసాగింది.

అపోహ: ఏ నట్టయినా ఎడమకు తిప్పితే వదులవుతుంది.

వాస్తవం: వైర్ చక్రాలున్న కారులో ఒక్కో చక్రం మధ్యలో సుత్తితో కొట్టి విప్పే ఒకే పెద్ద నట్టు ఉంటుంది. కుడివైపు నట్లకు ఎడమ మర, అంటే కుడికి తిప్పితే వదులవుతాయి. కారు ముందుకు పోయేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో అటే కొడితే రెండువైపులా నట్టు వదులవుతుంది, ఇదే గుర్తు పెట్టుకోండి. రాగి సుత్తి లేదా తోలు సుత్తి వాడండి. విప్పిన హబ్‌ల మీద కుడి, ఎడమ అని తప్పకుండా రాయాలి. తారుమారుగా బిగిస్తే నడిచేకొద్దీ నట్టు వదులై చక్రమే ఊడొస్తుంది.

అపోహ: పట్టేసిన బోల్టుకు పొడుగు గొట్టం తగిలించి బలంగా తిప్పాలి.

వాస్తవం: బలం పెడితే బోల్టు తెగుతుంది, తెగిన ముక్క లోపలే ఉండిపోతుంది. చొచ్చుకుపోయే ఆయిల్ ఈ రోజు వేసి, రేపు మళ్లీ వేసి, ఎల్లుండి చెయ్యి పెట్టండి. ముందు మరలను వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి. అప్పటికీ రాకపోతే వేడి చేయాలి. నట్టు వ్యాకోచించి, తుప్పు పట్టు విడుతుంది. తర్వాత కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ బిగించి, అలా ఓపికగా తీసుకురావాలి. వెనక పట్టా స్ప్రింగులను బాడీకి పట్టి ఉంచే షాకిల్ పిన్నులు ఎక్కువ సతాయిస్తాయి. రబ్బరు పక్కన, పెట్రోల్ గొట్టం పక్కన మంట పెట్టొద్దు.

ముందు కాయిల్ స్ప్రింగుల విషయంలో మాత్రం ఓపిక ఒక్కటే చాలదు. అవి నొక్కుకుని ఉంటాయి. కింది ప్లేటు నట్లు ఊరికే విప్పితే ప్లేటు ఎగిరొచ్చి మనిషిని కొడుతుంది. ప్లేటు కింద జాకీ పెట్టి, రెండు బోల్టుల స్థానంలో పొడుగు బోల్టులు వేసి, మెల్లమెల్లగా దించాలి. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇంకా తేలిక: ముందు సస్పెన్షన్‌ను మోసే అడ్డదూలాన్ని, అంటే క్రాస్‌మెంబర్‌ను పట్టి ఉంచే నాలుగు బోల్టులు తీసి సస్పెన్షన్ మొత్తాన్ని ఒకే ముక్కగా కిందికి దించేయండి. స్ప్రింగులు తర్వాత, బల్ల మీద, పక్కన తెలిసినవాళ్లను పెట్టుకుని.

అపోహ: రెండూ ఒకేలా ఉన్న సామాను ఒకే డబ్బాలో వేసుకోవచ్చు.

వాస్తవం: ఎంజీబీకి రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు, అంటే ఇంజన్‌కు గాలీ పెట్రోలూ కలిపి అందించేవి. చూడటానికి కవలలే. కానీ ప్రతిదాని పిస్టనూ దాని పైన గంట లాంటి మూతా జతగా కుదిరినవి. ఒకదాని పిస్టన్ రెండోదానిలో వేస్తే పట్టేయొచ్చు, లేదా గాలి లీకవుతుంది. ఇంజన్ వాల్వులను తెరిచే పుష్‌రాడ్‌లు, వాటి కింద ట్యాపెట్లు కూడా ఏ వరసలో తీశారో ఆ వరసలోనే ఉంచాలి. నేను అట్టపెట్టెకు ఎనిమిది రంధ్రాలు చేసి గుచ్చుతాను. ఒక కనెక్టింగ్ రాడ్ క్యాపు ఇంకోదానికి వేయకూడదని ఇంజన్ పని తెలిసిన ఎవరికైనా తెలుసు.

అపోహ: పెయింట్ పోవాలంటే బాడీ మొత్తం శాండ్‌బ్లాస్టింగ్‌కు పంపాలి.

వాస్తవం: మందమైన క్రాస్‌మెంబర్, యాక్సిల్ ముక్కలకు పంపండి, చాలా బాగుంటుంది. బానెట్, డోరు, బూట్ మూత లాంటి వెడల్పాటి పల్చటి రేకులకు వద్దు. ఇసుక దెబ్బలకు రేకు సాగి అలలు తేలుతుంది, ఆ అలలు తీయడం ఎంత మంచి టింకరింగ్ మేస్త్రికైనా నరకమే. పైగా తొలి ఏళ్ల ఎంజీబీల బానెట్ అల్యూమినియంది. అయస్కాంతం పెట్టి చూడండి. అలాంటి రేకులకు పెయింట్ రిమూవర్, స్క్రేపర్, చేతి పని. యాసిడ్ తొట్టిలో ముంచడం కూడా నాకు నచ్చదు. అతుకుల్లో దాగిన యాసిడ్ కొత్త పెయింట్ వేశాక బయటికొస్తుంది.

పెయింట్ గీకే ముందు డాష్‌బోర్డు వెనక, రబ్బరు పట్టీల కింద అసలు రంగు ఏదో చూసి ఫోటో తీసుకోండి. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు ఫ్యాక్టరీ రికార్డుల నుంచి సర్టిఫికెట్ ఇస్తారు. అందులో తయారైన తేదీ, మొదటి రంగు ఉంటాయి. మీరు చూసిన రంగూ సర్టిఫికెట్‌లోని రంగూ ఒకటే అయినప్పుడు కలిగే సంతోషం వేరు.

అపోహ: అన్నీ కొత్తవి దొరుకుతాయి కాబట్టి పాతవి పారేయొచ్చు.

వాస్తవం: నిజంగానే ఎంజీబీకి దొరకని సామాను తక్కువ. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ బాడీ మొత్తాన్నే కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. అయినా కొత్త ముక్క బిగించి, కుదిరి, కారు నడిచేదాకా పాతది పారేయకండి. కుళ్లిన బ్రాకెట్ అయినా దాని రంధ్రాలు ఎక్కడున్నాయో చూపిస్తుంది. కొత్త బ్రాకెట్ రంధ్రాలు కొంచెం అటూ ఇటూ ఉంటే ఆ పాతదే కొలబద్ద.

బోల్టులన్నీ మెరిసే స్టెయిన్‌లెస్‌వి వేద్దామని కొందరికి ఆశ. నంబర్ ప్లేటుకు వేసుకోండి. సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టు దగ్గర మాత్రం సరైన గ్రేడు ఉన్న హైటెన్సైల్, అంటే ఎక్కువ లాగుడు తట్టుకునే ఉక్కు బోల్టులే వాడాలి. మామూలు స్టెయిన్‌లెస్‌కు ఆ బలం ఉండదు.

అపోహ: ఈ కార్లలోని లూకాస్ కంపెనీ వైరింగ్ అంటేనే చెత్త. కత్తిరించి పారేయాలి.

వాస్తవం: నేను చూసిన కరెంటు సమస్యల్లో ఎక్కువభాగం తుప్పు పట్టిన ఎర్త్ దగ్గర, వైర్లను కలిపే పచ్చబడిన బుల్లెట్ కనెక్టర్ల దగ్గర, మధ్యలో ఎవరో చుట్టిన టేపు కింద తేలాయి. ఆ వైర్ల రంగులకు చక్కటి వరస ఉంది: గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ అదే ఫ్యూజు దాటాక, నలుపు ఎర్త్. ఇది తెలిస్తే మ్యాప్ చేతిలో ఉన్నట్టే. 1967 వరకు వచ్చిన కార్లకు బ్యాటరీ పాజిటివ్ తీగే బాడీకి ఎర్త్. సీట్ల వెనక మూత కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఒకదానితో ఒకటి సిరీస్‌లో కలిపి ఉంటాయి. విప్పే ముందు ఇది చూసి రాసుకోక, తర్వాత తీగలు తారుమారుగా కలిపితే, అమర్చిన పరికరాలు ఒక్క క్షణంలో కాలిపోవచ్చు. వైరింగ్ కట్ట పనికిరాకపోయినా కత్తిరించకుండా మొత్తంగా బయటికి లాగి, ప్రతి కొసకూ చీటీ కట్టి గోడకు వేలాడదీయండి. కొత్త కట్ట వచ్చినప్పుడు పక్కపక్కనే పెట్టి చూసుకోవచ్చు.

అపోహ: పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేశాం కదా, ఇక భయం లేదు.

వాస్తవం: ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది. గాలితో కలిసిన ఆ ఆవిరికి నిప్పురవ్వ చాలు. వెల్డింగ్, గ్రైండింగ్ మొదలుపెట్టే ముందే ట్యాంకును కారు నుంచి తీసి షెడ్డు బయట పెట్టాలి. ట్యాంకుకు మీరే వెల్డింగ్ చేయబోకండి.

బ్రేకు డ్రమ్ములో పొడిని గాలి పైపుతో ఊదడం మన షెడ్లలో మామూలే, నేనూ ఎన్నోసార్లు ఊదాను. ఈ కార్ల కాలం బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఊపిరితిత్తులకు ప్రమాదకరమైన ఆస్బెస్టాస్ ఉండేది. యాభై ఏళ్లు ఎవరూ తెరవని డ్రమ్ములో ఇంకా అవే లైనింగులు ఉండొచ్చు. మంచి మాస్క్ పెట్టుకుని, పొడిని నీళ్లతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టండి. పిల్లలు గ్యారేజీలోకి వచ్చి చూస్తామంటే ఆ రోజు మాత్రం వద్దనండి.