తెల్లబడిన రాగి

అమెరికాలో అయిదు సెంట్ల నాణేన్ని ‘నికెల్’ అంటారు కదా, అది పూర్తిగా నికెల్ లోహమేనా అని ఒక పాఠకుడు అడిగారు. కాదు. 1866లో మొదలైన ఆ నాణెంలో నూటికి 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళే నికెల్. అంతకుముందు 1857లో వచ్చిన సెంటు నాణెంలో నికెల్ 12 పాళ్ళే ఉన్నా, జనం దానినీ అదే పేరుతో పిలిచారు.

అయిదు గ్రాముల నాణెంలో మూడుముప్పావు గ్రాములు రాగే అయినప్పుడు ఆ ఎరుపు ఏమైంది? ఇది ఇత్తడి గిన్నెకు కళాయి పూసినట్టు పైపూత కాదు; ఎంత గీకినా లోపలా అదే తెలుపు. నీలం, ఆకుపచ్చ కాంతులకు రాగి పరమాణువులో ‘3డి’ అనే ఉపకక్ష్యలో ఉండే ఎలక్ట్రాన్లను పై స్థాయికి ఎగదోసే శక్తి ఉంటుంది కనుక వాటిలో చాలా భాగాన్ని రాగి మింగేస్తుంది; ఎరుపు కాంతికి ఆ శక్తి చాలదు కనుక అది వెనక్కి తిరిగి మన కంటిని చేరుతుంది. నికెల్ పరమాణువులో రాగికన్నా ఒక ఎలక్ట్రాన్ తక్కువ. అందువల్ల దాని 3డి పట్టీ (ఆ ఎలక్ట్రాన్లుండే శక్తి స్థాయిల వరస) పూర్తిగా నిండదు, ఎరుపు కాంతి కూడా అక్కడి ఎలక్ట్రాన్లను కదిలించగలదు. రెండు పరమాణువుల పరిమాణం దాదాపు ఒకటే, స్ఫటికంలో అమరిక కూడా ఒకటే కావడంతో, నూరు స్థానాలలో సుమారు 26 స్థానాలను నికెల్ ఇబ్బంది లేకుండా ఆక్రమిస్తుంది. అప్పుడు ఏ రంగుకూ ప్రత్యేకమైన మొగ్గు ఉండదు, లోహం వెండిలా కనిపిస్తుంది. ఇంకొక అందమైన సంగతి: శుద్ధ నికెల్‌కు అయస్కాంతం అంటుకుంటుంది, ఈ నాణేనికి అంటుకోదు. రాగి పరిసరాలలో నికెల్ తన అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది.

పేరు జర్మనీ గనులలో పుట్టింది. రాగిలా ఎర్రగా మెరిసే ఒక ఖనిజాన్ని ఎంత కరిగించినా రాగి రాలేదు, పైగా పొగ పీల్చినవారు జబ్బుపడ్డారు. ఇది గని భూతం చేసిన మాయ అనుకున్న కార్మికులు ఆ ఖనిజానికి ‘కుప్ఫర్‌నికెల్’, అంటే భూతపు రాగి, అని పేరు పెట్టారు. నిజానికి ఆ పొగలో ఉన్నది ఆర్సెనిక్. 1751లో స్వీడన్ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ అటువంటి ఖనిజం నుంచే కొత్త లోహాన్ని వేరుచేసి, భూతం పేరునే దానికి ఉంచారు.

రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ ఆయుధాలకు అవసరం కావడంతో, 1942 చివరి నుంచి 1945 వరకు అయిదు సెంట్ల నాణేన్ని 56 పాళ్ళు రాగి, 35 పాళ్ళు వెండి, 9 పాళ్ళు మాంగనీసుతో పోశారు. అందులో నికెల్ అసలే లేదు, అయినా పేరు మారలేదు. వెనుకవైపు మాంటిసెల్లో (అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు) భవనపు గుమ్మటం పైన టంకశాల గుర్తుగా పి, డి, ఎస్‌లలో ఒక పెద్ద అక్షరం ఉంటే, మీ చేతిలోనిది ఆ వెండి నాణెమే.