మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఆధునిక అమెరికా చరిత్ర బోధించే నాకు, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతీయులు బస్సులెక్కడం మానేసి సాగించిన బహిష్కరణ పాఠానికి వచ్చినప్పుడల్లా ఒకే కథ ఎదురవుతుంది. అలసిపోయిన ఒక నల్లజాతి మహిళ తెల్లజాతీయుడికి సీటు ఇవ్వనన్నారు, జనం తిరగబడ్డారు, చట్టం మారిపోయింది అంటారు. ఆ ఉద్యమాన్ని 381 రోజులు మోసిన మనుషులెవరూ ఈ కథలో కనిపించరు.

అపోహ: రోసా పార్క్స్ అలసట వల్ల తెల్లవారి సీటులో కూర్చుండిపోయారు.

వాస్తవం: ఆమె కూర్చున్నది తెల్లవారికి కేటాయించిన ముందు వరుసల్లో కాదు, వాటి వెనుక, డ్రైవరు లేవమనేదాకా నల్లజాతీయులు కూర్చోగలిగే మధ్య వరుసలో. 1955 డిసెంబరు 1 సాయంత్రం ఒక్క తెల్లజాతీయుడు నిలబడి ఉన్నందుకు ఆ వరుసలోని నలుగురినీ లేవమన్నారు. ముగ్గురు లేచారు; పార్క్స్ మాత్రం పక్కనున్న వ్యక్తి వెళ్లడానికి దారిచ్చి, కిటికీ వైపు జరిగి కూర్చుని, అరెస్టయ్యారు. డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో కుట్టుపని చేసే ఆమె 1943లోనే పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖకు కార్యదర్శి అయ్యారు. తనను విసిగించింది లొంగిపోతూ బతకడమేనని ఆమే తర్వాత రాసుకున్నారు.

అపోహ: ఎదిరించిన మొదటి వ్యక్తి ఆమే, గెలిచిన కేసూ ఆమెదే.

వాస్తవం: అదే ఏడాది మార్చి 2న పదిహేనేళ్ల క్లాడెట్ కాల్విన్, అక్టోబరులో మేరీ లూయిస్ స్మిత్ అరెస్టయ్యారు. కాల్విన్ కేసును ముందు పెట్టి ఉద్యమం నడపడానికి నాయకులు వెనుకాడారు. ఆ నిర్ణయాన్ని నేను సమర్థించలేను. పార్క్స్ కేసు రాష్ట్ర కోర్టుల్లో నలుగుతుండడంతో న్యాయవాది ఫ్రెడ్ గ్రే ఆమెను చేర్చకుండానే, ఈ ఇద్దరితో పాటు ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్‌ల తరఫున ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. బస్సుల్లో జాతి వివక్షను కొట్టేయించింది ఈ నలుగురి వ్యాజ్యమే.

అపోహ: జనాగ్రహం దానంతటదే ఎగసింది, మార్టిన్ లూథర్ కింగ్ దాన్ని ముందుకు నడిపారు.

వాస్తవం: మహిళా రాజకీయ మండలి నాయకురాలు జో ఆన్ రాబిన్‌సన్, బహిష్కరణ తప్పకపోవచ్చని 1954 మే నెలలోనే మేయరుకు లేఖ రాశారు. పార్క్స్ అరెస్టయిన రాత్రి ఆమె తాను పనిచేసే కళాశాలలోని మిమియోగ్రాఫ్ యంత్రంపై తెల్లవారేదాకా వేల కరపత్రాలు తీశారు. నగరానికి కొత్తగా వచ్చిన ఇరవయ్యారేళ్ల కింగ్‌ను ఉద్యమాన్ని నడిపే సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది డిసెంబరు 5న, అంటే బహిష్కరణ మొదలైన రోజునే.

విద్యార్థులకు నేను తీరిగ్గా చెప్పేది ఆ తర్వాతి రవాణా ఏర్పాటు గురించి. నల్లజాతి టాక్సీ డ్రైవర్లు బస్సు చార్జీ అయిన 10 సెంట్లకే జనాన్ని ఎక్కించుకుంటే, కనీస చార్జీ 45 సెంట్లన్న నిబంధనను నగర పాలకులు బయటికి తీశారు. దాంతో సుమారు 300 సొంత కార్లతో, నిర్ణీత స్థలాల్లో ఎక్కించుకుని దించే పద్ధతి ఏర్పడింది. బీమా కంపెనీలు పాలసీలు రద్దు చేస్తే లండన్‌లోని లాయిడ్స్ నుంచి బీమా తెచ్చుకున్నారు. పెట్రోలు ఖర్చుల కోసం జార్జియా గిల్మోర్ బృందంలోని మహిళలు కేకులు, భోజనాలు వండి అమ్మి, ఆ డబ్బును సభల్లో అందించేవారు. చివరికి 1956 నవంబరు 13న ఈ కార్ల ఏర్పాటును స్థానిక కోర్టు నిషేధించింది. సుప్రీంకోర్టు ఆ నలుగురి గెలుపును ఖరారు చేసింది కూడా అదే రోజున. ఉత్తర్వు డిసెంబరు 20న నగరానికి చేరేదాకా చాలామంది నడిచే వెళ్లారు.

అపోహ: మొదటి నుంచీ వివక్ష రద్దే డిమాండు.

వాస్తవం: కాదు. మర్యాదగా చూడాలని, ముందొచ్చినవారికే సీటన్న పద్ధతిలో తెల్లవారు ముందు నుంచి, నల్లవారు వెనుక నుంచి కూర్చోవాలని, నల్లజాతీయులు ఎక్కువగా ఎక్కే మార్గాల్లో నల్లజాతి డ్రైవర్లను పెట్టాలని మాత్రమే తొలుత అడిగారు.

అపోహ: తీర్పుతో అంతా సర్దుకుంది.

వాస్తవం: కొద్ది రోజుల్లోనే బస్సులపై కాల్పులు జరిగాయి, రోసా జోర్డాన్ అనే గర్భిణి కాళ్లకు తూటాలు తగిలాయి. ఉద్యోగం పోయిన పార్క్స్ 1957లో ఊరు విడిచి డెట్రాయిట్ వెళ్లారు. అంతర్రాష్ట్ర బస్సుల్లో, బస్టాండ్లలో వివక్షను ఎదిరించిన ఫ్రీడమ్ రైడర్లను 1961 మే నెలలో అదే మాంట్‌గోమరీ బస్టాండులో అల్లరిమూక చితకబాదింది. వేర్వేరు నిరీక్షణ గదుల బోర్డులు తీసేయాలన్న కేంద్ర నిబంధనలు ఆ ఏడాది నవంబరు 1న గానీ అమల్లోకి రాలేదు.