పోలికలు ఎక్కడి నుంచి వస్తాయి? అపోహలు - వాస్తవాలు

ఒంగోలుకు దగ్గర్లోని ఓ పల్లె బడిలో జీవశాస్త్రం చెబుతాను. అనువంశికత పాఠం మొదలుపెడితే ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు. "ముక్కు నాయనది, రంగు అమ్మమ్మది" అని ఇంట్లో రోజూ వింటారు కదా. ఆ మాటలతో పాటే కొన్ని పొరపాట్లూ బడికి వస్తాయి.

అపోహ: పోలికలు రక్తంలో వస్తాయి.

రక్తసంబంధం అన్న మాట వల్ల వచ్చిన చిక్కు ఇది. పోలికల్ని మోసుకొచ్చేవి జన్యువులు. అవి కణకేంద్రకంలో దారపు పోగుల్లా ఉండే క్రోమోజోముల మీద ఉంటాయి. మనకు 46 క్రోమోజోములు. అందులో 23 అమ్మ అండం నుంచి, 23 నాన్న శుక్రకణం నుంచి వస్తాయి. అమ్మ రక్తం, నాన్న రక్తం ఎక్కడా కలవవు. అసలు ముదిరిన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకమే ఉండదు.

అపోహ: పైకి కనిపించకపోతే ఆ జన్యువు లేనట్టే.

మా పిల్లల్లో చాలామంది ఇళ్ల ముందు ఒంగోలు ఆవులుంటాయి. "పాలిచ్చేది ఆవు కదా టీచర్, పాలకీ ఆంబోతుకీ ఏం సంబంధం?" అని ఎనిమిదో తరగతి అబ్బాయి అడిగాడు. పెయ్యదూడకు సగం జన్యువులు ఆంబోతు నుంచే వస్తాయి. దానికి పొదుగు లేదు కాబట్టి పాలగుణం పైకి కనబడదు, కూతురికి మాత్రం అందుతుంది. ఆవు చూలుకట్టడానికి సూది వేయించేటప్పుడు తెలిసిన రైతు 'ఆ ఆంబోతు తల్లి ఎన్ని పాలిచ్చేది?' అని అడిగేది అందుకే.

పైకి కనిపించేది దృశ్యరూపం, లోపల ఉన్నది జన్యురూపం. ఈ తేడా చెప్పడానికి నేను చింతగింజలు పట్టుకెళతాను. ఒక వైపు బండ మీద అరగదీస్తే తెల్లగా అవుతుంది, రెండో వైపు గోధుమరంగే ఉంటుంది. ఒక గింజ అమ్మ, ఇంకొకటి నాన్న. గింజకున్న రెండు ముఖాలు ఒకే జన్యువుకున్న రెండు రూపాలు. వీటినే యుగ్మ వికల్పకాలు అంటాం. గోధుమరంగు బహిర్గతం, అంటే ఒక్కటున్నా పైకి కనబడేది. తెలుపు అంతర్గతం, అంటే రెండూ ఉంటేనే కనబడేది. రెండు గింజలూ కలిపి వేస్తే, రెండూ తెల్లగా పడినప్పుడే బిడ్డలో తెలుపు కనిపిస్తుంది.

నాలుగుసార్లు వేసి ఒక్కసారైనా తెలుపు పడకపోతే పిల్లలు డీలా పడతారు. రెండూ తెల్లగా పడేది నాలుగింట ఒకసారి, అదీ లెక్కలేనన్నిసార్లు వేస్తే తేలే సగటు. అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 7,324 బఠానీ గింజలు లెక్కపెడితే 5,474 గుండ్రంగా, 1,850 ముడతలుగా వచ్చాయి, అంటే ముడతలవి దాదాపు నాలుగో వంతు. ఓపిగ్గా వందసార్లు వేయిస్తాను, అప్పుడు నమ్ముతారు.

అపోహ: బహిర్గతం అంటే బలమైనది, ఎక్కువమందిలో ఉండేది.

కాదు. జంటలో ఒక్కటున్నా పైకి కనబడుతుంది, అంతే. ఆరో వేలు చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే వస్తుంది, అయినా అరుదు. ఓ బ్లడ్ గ్రూపు అంతర్గతం, అయినా ప్రతి వీధిలో ఉంటారు.

అపోహ: వరసగా ఆడపిల్లలు పుడితే తల్లిదే కారణం.

తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. ఏది వస్తుందన్నది తండ్రి శుక్రకణాన్ని బట్టి. అదీ ఆయన చేతిలో లేదు. ఈ ఒక్క ముక్క ఇంటికెళ్లి నాయనమ్మకు చెప్పమంటాను.

అపోహ: బ్లడ్ గ్రూపులు చూసుకుంటే మేనరికానికి ఇబ్బంది లేదు.

మన జిల్లాలో ఎక్కువగా వినేది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. మేనబావ, మరదళ్ల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఒకే తాత, అవ్వల నుంచి వచ్చినవి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. అందుకే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని తలసీమియా లాంటి జబ్బు తెచ్చే అంతర్గత జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. బ్లడ్ గ్రూపు పరీక్షలో ఇది తెలియదు. తలసీమియాకు హిమోగ్లోబిన్ రకాలు చూసే పరీక్ష వేరే ఉంది, పెళ్లికి ముందే చేయించుకోవచ్చు.

ఇది చెప్పిన రోజు గంట కొట్టాక ఒక అమ్మాయి ఆగిపోయింది. "మా అమ్మానాన్నలది మేనరికమే టీచర్. నాకేమన్నా అవుతుందా?" చేతిలో ఆ రెండు గింజలూ ఇంకా పట్టుకునే ఉంది. పక్కన కూర్చోబెట్టుకుని, మేనరికాల్లోనూ ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారని చెప్పాను. అప్పటి నుంచి ఏ తరగతిలోనైనా మేనరికం పేరెత్తితే మొదట ఆ మాట చెప్పాకే లెక్కలు చెబుతున్నాను.