షిరాజ్ ద్రాక్ష: పేరు చూసి తోట పెట్టకండి

వానాకాలం దగ్గర పడితే చాలు, ఇవే ఫోన్లు. "సార్, షిరాజ్ అని వైన్ ద్రాక్షట, ఫారిన్ వెరైటీ. ఎకరానికి లక్షలొస్తాయట, పెట్టమంటారా?" నర్సంపేట నుంచి ఒకరు, పరకాల నుంచి ఒకరు. అందరి వాట్సాప్‌లోనూ అదే పాంప్లెట్.

అపోహ: షిరాజ్‌కు ప్రపంచమంతా పేరుంది, కొనేవాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

వాస్తవం: రారు. షిరాజ్ పండు చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. వైనరీ, అంటే వైన్ తయారుచేసే ఫ్యాక్టరీ తప్ప దానికి వేరే గిరాకీ లేదు. గింజలేని థాంప్సన్ ద్రాక్ష ధర పడిపోతే ఆటోలో వేసుకుని హన్మకొండలో వీధి వీధీ తిరిగి అమ్ముకోవచ్చు, లేదా కిస్మిస్ చేయొచ్చు. షిరాజ్‌ను ఏం చేస్తారు? వైనరీలు ఎక్కువగా ఉన్నది నాసిక్ వైపు, తర్వాత బెంగళూరు దగ్గర నంది కొండల వైపు. మార్చి ఎండలో లారీ అక్కడికి చేరేలోపే పండు నలిగి పులవడం మొదలవుతుంది. చేరినా బ్రిక్స్, అంటే పండులో చక్కెర పాళ్లు తక్కువుంటే తీసుకోరు.

అర ఎకరంలో పెట్టిన ఒక రైతు వెంట పండ్ల మార్కెట్‌కు పోయాను. వ్యాపారి ఒక పండు నోట్లో వేసుకుని, గింజలు అరచేతిలోకి ఉమ్మి, "గివేం ద్రాక్షలన్నా, అంతా తొక్కే ఉంది" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు వచ్చింది. కానీ అంతకు ఎంతో ముందే ఎనుమాముల మార్కెట్ వ్యాపారులకు దాని రంగు తెలుసు, పంట అమ్ముడుపోయేది అందుకే. షిరాజ్‌ను అలా ఎరిగినవాళ్లు ఇక్కడ ఎవరున్నారు?

షిరాజ్‌తో ఎంతో పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియాలోనే ఏమైందో చూడండి. 1832లో జేమ్స్ బస్బీ యూరప్ నుంచి తెచ్చిన కొమ్మలతో అక్కడ ఈ రకం స్థిరపడింది. 1980ల మధ్యలో గిరాకీ పడిపోతే ప్రభుత్వమే డబ్బులిచ్చి తోటలు పీకించింది. అక్కడి ద్రాక్ష ప్రాంతం బరోసాలో ముసలి షిరాజ్ తీగలు ఎన్నో అలా పోయాయి. మిగిలిన ముసలి తీగల పండుకు ఇప్పుడు మంచి ధర పలుకుతోంది, పీకేసినవాళ్లకు ఏం లాభం?

మొక్కల కోసం ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు టెన్షన్ పడకండి. రెండో వాయిదా ఆపండి. వైనరీయే సంతకం చేసిన బై బ్యాక్ అగ్రిమెంట్, అంటే పంటను తామే కొంటామనే ఒప్పందం అడగండి. బ్రిక్స్ ఎంతుండాలి, లారీ కిరాయి ఎవరిది, సరుకు వెనక్కి పంపితే నష్టం ఎవరిదని అందులో రాసుండాలి. నర్సరీవాళ్ల నోటిమాట లెక్కలోకి రాదు. మొక్కలు నాటేసి ఉంటే తొందరపడి పీకకండి. డాగ్‌రిడ్జ్ అనే వేరు రకం మొక్క మీద కట్టిన అంటు అయితే, పైభాగం కోసేసి అదే వేరు మీద థాంప్సన్ కట్టించుకోవచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందన్నది కట్టుకథ. 1990ల చివర్లో డీఎన్ఏ పరీక్ష చేస్తే తల్లీతండ్రీ రెండూ ఫ్రాన్స్ రకాలేనని తేలింది: మోందూజ్ బ్లాన్ష్, ద్యురేజా. సిరా అన్నా షిరాజ్ అన్నా ఒకటే. నల్లగా ఉంటే కిక్కు ఎక్కువని కాదు, ఆల్కహాల్ వచ్చేది పండులోని చక్కెర నుంచి, రంగు నుంచి కాదు. అమ్ముడుపోకపోతే ఇంట్లోనే వైన్ చేసి అమ్ముకుంటామనేవాళ్లకు ఒకటే మాట: లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసు.