పాలారు నుంచి హేగ్ దాకా: పాడుచేసినవాడే కట్టాలన్న మాట

2021 నవంబరులో తిరుపతిలో కురిసిన వానను ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. మా మేనత్త ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. అవి దిగాక కుట్టుమిషన్ తెరిస్తే లోపలంతా ఒండ్రు. సూదితో గీకి తీస్తూ, "దీనికి ఎవర్ని అడగాల్రా?" అంది.

ఆ ప్రశ్నకు ఒక జవాబు మన పక్కనే, పాలారు ఒడ్డున పుట్టింది. కుప్పం మీదుగా తమిళనాడులోకి దిగే ఈ ఏటిని వేలూరు ప్రాంతపు తోళ్ల ఫ్యాక్టరీలు శుద్ధి చేయని మురుగుతో నింపేశాయి. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతవరకో పూర్తిగానో చెడిపోయింది. 1991లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తేల్చి చెప్పింది: కాలుష్యం చేసినవాడే బాధితులకు పరిహారం కట్టాలి, నేలను, నీటిని బాగుచేసే ఖర్చూ వాడే పెట్టుకోవాలి. పరాయి చేను మేసిన గొడ్డును బందెలదొడ్డికి తోలడం తెలిసిన మనకు ఇందులో కొత్తేమీ లేదు. కానీ ఇరవై ఎనిమిదేళ్లు దాటాక, 2025 జనవరిలో, అదే కోర్టు ఆ బాధితులకు పరిహారం ఇప్పించమని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

తోళ్ల ఫ్యాక్టరీ మురుగు ఏ కాలువలో వస్తుందో కంటికి కనిపిస్తుంది. భూమిని వేడెక్కించి కుండపోత వానలను పెంచే పొగకు అలాంటి ఆనవాలు లేదని బొగ్గు, చమురు కంపెనీలు చాలాకాలం తప్పించుకున్నాయి. రిచర్డ్ హీడ్ అనే పరిశోధకుడు పాత రికార్డులు తవ్వి ఎవరి పొగ ఎంతో లెక్క తీశారు. 1751 నుంచి 2010 దాకా పరిశ్రమల వల్ల గాలిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లలో 63 శాతం 90 సంస్థల ఖాతాలోకే వస్తుంది. మన కోల్ ఇండియా కూడా అందులో ఉంది. పైగా అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌కు సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1977లోనే ఈ ముప్పు గురించి చెప్పారు. ఆ తర్వాత కూడా కంపెనీ బయట ఏళ్ల తరబడి అనుమానాలే చల్లింది. తెలిసీ చేసిన పని ఇది.

సముద్రంలో మునిగే చిన్న దీవుల తరఫున పసిఫిక్ దీవి దేశం వనువాటు 1991లోనే ధనిక దేశాల డబ్బుతో బీమా నిధి పెట్టాలని అడిగింది. 2015 పారిస్ వాతావరణ ఒప్పందానికి తోడైన నిర్ణయంలో మాత్రం, నష్టాల గురించిన నిబంధన పరిహారానికీ బాధ్యతకూ ఆధారం కాదని ధనిక దేశాలు రాయించుకున్నాయి. 2022లో వాతావరణ నష్టాల నిధికి దేశాలు ఒప్పుకున్నా, కట్టేది ప్రభుత్వాలే, అదీ ఇష్టమైతేనే.

అందుకే పెరూ రైతు సౌల్ లుసియానో లుయుయా 2015లో జర్మనీ కోర్టుకెక్కారు. తన ఊరి పైన హిమానీనద సరస్సు ఉబ్బుతోంది. ప్రపంచ ఉద్గారాల్లో ఆర్‌డబ్ల్యూఈ అనే జర్మన్ కరెంటు కంపెనీ వాటా ఎంతో, రక్షణ ఖర్చులో అంతే కట్టమన్నారు, అంటే 0.47 శాతం. 2025 మేలో ఆయన ఓడిపోయారు, ఆయన ఇంటికి ముప్పు తగినంత లేదని. అయితే పెద్ద ఉద్గారకులను సూత్రప్రాయంగా బాధ్యుల్ని చేయవచ్చని అదే కోర్టు ఒప్పుకుంది. రెండు నెలలకే హేగ్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల బాధ్యత గురించీ, పరిహారం గురించీ అభిప్రాయం చెప్పింది. ఆ ప్రశ్నను అక్కడిదాకా మోసింది వనువాటే. 2024లో న్యూయార్క్ రాష్ట్రమైతే చమురు, బొగ్గు కంపెనీల నుంచి 25 ఏళ్లలో 7,500 కోట్ల డాలర్లు వసూలు చేసే చట్టమే తెచ్చింది.

మన దగ్గర వసూలు 2010లోనే మొదలైంది. టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు, 2016కల్లా 400 అయింది. స్వచ్ఛ ఇంధనం కోసమని పెట్టిన ఆ డబ్బును 2017 నుంచి రాష్ట్రాల జీఎస్టీ లోటు పూడ్చడానికి మళ్లించారు.

అత్త మిషన్‌కు కొత్త మోటారు వేయించడానికి డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది.