బ్రాసెరోలు వెళ్లాక గట్టిపడిన టమాటా

వలస కూలీలను ఆపేస్తే స్థానికుల కూలి పెరుగుతుందన్న వాదన అమెరికాలో చాలా పాతది. అయితే ప్రభుత్వమే గీత గీసి లక్షల మంది రాకను నిలిపేసిన సందర్భాలు అరుదు కాబట్టి, దాన్ని లెక్కలతో సరిచూసే వీలు ఆర్థికవేత్తలకు అంతగా దొరకదు. 1964 చివర అలాంటి సందర్భం ఒకటి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో పొలాలకు మనుషులు చాలక అమెరికా 1942 ఆగస్టులో మెక్సికోతో ఒప్పందం చేసుకుంది. దాని కింద నిర్ణీత గడువుకు వచ్చిన మగ కూలీలే బ్రాసెరోలు. యుద్ధం ముగిసినా ఆ ఏర్పాటు ముగియలేదు. 22 ఏళ్లలో 45 లక్షలకు పైగా కాంట్రాక్టులు కుదిరాయి (ఒకే మనిషి పలుమార్లు రావడం మామూలే కనుక మనుషుల సంఖ్య అంతకన్నా తక్కువ). సరిహద్దు కేంద్రాల్లో వారి అరచేతులు కాయలు కాచాయో లేదో చూసేవారు, బట్టలు విప్పించి ఒంటిపై డీడీటీ పురుగుమందు చల్లేవారు. తొలి ఏళ్లలో పొదుపు పేరిట కూలిలో పదో వంతు పట్టుకున్నారు; ఆ సొమ్ము చాలామందికి తిరిగి చేరనేలేదు.

వీరివల్ల తమ కూలి పడిపోతోందని కార్మిక సంఘాలు అన్నాయి, కెనడీ ప్రభుత్వమూ ఏకీభవించింది, 1964 డిసెంబరుతో ఒప్పందం ముగిసింది. ఆర్థికవేత్తలు మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హన్నా పోస్టెల్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, బ్రాసెరోలపై బాగా ఆధారపడిన రాష్ట్రాల కూలి రేట్లను, వారు కొద్దిగా ఉన్న లేదా అసలే లేని రాష్ట్రాల రేట్లతో పోల్చారు. నిషేధం స్థానికులకు మేలు చేసి ఉంటే మొదటి రకం రాష్ట్రాల్లో కూలి వేగంగా పెరగాలి. అలా పెరగలేదు.

కారణం టమాటా తోటల్లో కనిపిస్తుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాక్ హన్నా కొత్త వంగడం కోసం, కోబీ లోరెంజెన్ కోతయంత్రం కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. యంత్రం మొక్కను మొదలంటా కోసి, పైకెత్తి, కుదిపి కాయలు రాలుస్తుంది. కనుక కాయలన్నీ ఒకేసారి పండాలి, తొడిమ నుంచి తేలిగ్గా ఊడాలి, తోలు మందంగా ఉండి దెబ్బకు చితకకూడదు. హన్నా తయారుచేసిన వీఎఫ్-145 వంగడం ఈ షరతులకు తగినట్టు వచ్చింది. చవకగా మనుషులు దొరికినంత కాలం రైతులు పెద్దగా పట్టించుకోని ఆ యంత్రం, ఒప్పందం ముగిసిన ఐదారేళ్లలోనే ఫ్యాక్టరీలకు వెళ్లే కాలిఫోర్నియా టమాటాను దాదాపు మొత్తం కోయసాగింది. అంత పెట్టుబడి పెట్టలేని చిన్న రైతులు చాలామంది ఈ పంటనే మానుకున్నారు. కూలి పెంచడమొక్కటే యజమానికి మిగిలే దారి అనుకున్నవారు, యంత్రానికి తగ్గట్టు పంట మొక్కనే మార్చేయవచ్చన్న సంగతిని లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం.

స్ట్రాబెర్రీ, ద్రాక్ష, లెట్యూస్ ఆకుకూర మాత్రం అప్పట్లో యంత్రానికి లొంగలేదు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిప్పీన్స్ కూలీలు మొదలుపెట్టిన సమ్మెలో సీజర్ చావెజ్, డొలొరెస్ వెర్తాల వ్యవసాయ కూలీల సంఘం కొద్ది రోజులకే చేరింది. సమ్మెను దెబ్బతీయడానికి దింపేందుకు అప్పటికి బ్రాసెరోలు లేరు. మరోవైపు, ఒప్పందం జోరుగా సాగినప్పుడు ఏటా నాలుగు లక్షల మంది వచ్చిన చోట, 1968 నుంచి మొత్తం పశ్చిమార్ధగోళానికే (అంటే ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల దేశాలన్నిటికీ కలిపి) ఏడాదికి 1,20,000 వీసాల పరిమితి అమల్లోకి వచ్చింది. పని ఉంది, చేసేవారూ ఉన్నారు, అనుమతులు లేవు. దాంతో వారు కాగితాలు లేకుండానే వచ్చారు. నేటికీ అమెరికా పంట పొలాల కూలీల్లో సగానికి పైగా మెక్సికోలో పుట్టినవారే.